పాత డిస్క్ కొత్త కన్సోల్‌లో ఎందుకు నడవదు? హైదరాబాద్ ‘హనుమాన్’ చెబుతున్న పాఠం

2009 మార్చిలో ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే గేమ్ విడుదలైంది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ దీన్ని తయారుచేస్తే, సోనీ మార్కెట్లోకి తెచ్చింది. పూర్తిగా భారత్‌లోనే తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దీనికి పేరుంది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ మన వీధి ఆటలతో ‘దేశీ అడ్డా’ను రూపొందించింది.

ఇప్పుడు ఆ ‘హనుమాన్’ డిస్క్‌ను పీఎస్5లో పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. కన్సోల్ దాన్ని గుర్తించదు. పీఎస్4లోనూ అంతే. మరోవైపు, పీఎస్3లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ను సోనీ తర్వాతి రెండు తరాల కన్సోళ్లకూ కొత్త ముస్తాబుతో తెచ్చి మళ్లీ అమ్మింది. ఒక ఆట తరం మారినా బతకడానికి, మరో ఆట అక్కడే ఆగిపోవడానికి కారణం ఏమిటి?

అసలు చిక్కు ఎక్కడ?

కొత్త యంత్రం తన పాత తరం కోసం తయారైన గేములను కూడా నడపగలగడాన్ని ‘బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ’ అంటారు. వినడానికి తేలికే. కానీ గేమ్ అంటే ఒక ప్రత్యేకమైన చిప్‌కు, దానికి అర్థమయ్యే భాషలో రాసిన ఆదేశాల వరస. చిప్ మారితే ఆ భాష అర్థం కాదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి సూరత్ మగ్గాలు బాగా పనికొస్తాయి. తెలుగు నేత కార్మికులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఆ నగరంలో బమ్రోలి వంటి ప్రాంతాలు మరమగ్గాలకు పెట్టింది పేరు. పాతకాలపు జకార్డ్ మగ్గంలో డిజైన్ అంతా చిల్లులు పొడిచిన అట్టల మీద ఉంటుంది. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఎలక్ట్రానిక్ జకార్డ్‌లో ఆ పని కంప్యూటర్ ఫైల్ చేస్తుంది. డిజైన్ ఎంత అందమైనదైనా అట్టల కట్టను కొత్త యంత్రానికి తగిలించలేం.

అప్పుడు నేతగాడి ముందు మూడు దారులుంటాయి. పాత యంత్రాన్ని కూడా అట్టిపెట్టుకోవడం, అట్టల మీది చిల్లులను చదివి ఫైల్‌గా మార్చడం, డిజైన్‌ను కంప్యూటర్‌లో మళ్లీ గీయించడం. కన్సోల్ కంపెనీల ముందున్న దారులూ దాదాపు ఇవే.

మొదటి దారి: పాత చిప్‌నే లోపల పెట్టడం

పీఎస్2లో పీఎస్1 ప్రాసెసర్ కూడా ఉండేది. కాబట్టి పీఎస్1 గేములు దాదాపు ఇబ్బంది లేకుండా నడిచాయి. 2006 నవంబర్‌లో వచ్చిన తొలి పీఎస్3 మోడళ్లలోనూ సోనీ పీఎస్2 చిప్‌లను అమర్చింది. కానీ అది ఖర్చుతో కూడిన పని. 2007 చివరలో వచ్చిన 40 జీబీ మోడల్‌లో ఆ సదుపాయం లేదు. తర్వాత మిగిలిన మోడళ్ల నుంచీ అది తప్పుకుంది.

అంటే ‘హనుమాన్’ విడుదలయ్యే నాటికే సోనీ తయారుచేస్తున్న కొత్త పీఎస్3లు ఆ డిస్క్‌ను నడపలేవు. అయినా గేమ్ పీఎస్2లో రావడానికి కారణముంది. భారత్‌లో మధ్యతరగతి ఇళ్లకు చేరిన కన్సోల్ అదే. ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ యంత్రం మన దగ్గర కొత్త తరం వచ్చాక కూడా చాలాకాలం నిలిచింది.

రెండో దారి: నటించే సాఫ్ట్‌వేర్

కొత్త యంత్రం పాత యంత్రంలా ప్రవర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. 2015లో ఎక్స్‌బాక్స్ 360 గేములను ఎక్స్‌బాక్స్ వన్‌లో నడిపేందుకు మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతినే వాడింది. పాత డిస్క్ పెడితే చాలు, దానికి సరిపోయే ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది. విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

అయితే ప్రతి గేమ్‌కూ దాని హక్కుదారు అనుమతి కావాలి. అందులోని పాటలకు, కార్లకు, సినిమా పాత్రలకు లైసెన్సులు ఉండాలి. 2021 నవంబర్‌లో 70కి పైగా గేములను జాబితాలో చేర్చిన మైక్రోసాఫ్ట్, సాంకేతిక, చట్టపరమైన పరిమితుల వల్ల ఇక కొత్తవి చేర్చలేమని ప్రకటించింది.

పీఎస్4 నుంచి పీఎస్5కు మారినప్పుడు ఈ తంటా పెద్దగా రాలేదు. రెండింటి చిప్‌లూ ఒకే కుటుంబానివి. అందుకే దాదాపు అన్ని పీఎస్4 గేములూ పీఎస్5లో నడుస్తాయి. పీఎస్3లోని ‘సెల్’ ప్రాసెసర్ మాత్రం విచిత్రమైన నిర్మాణం. దాన్ని అనుకరించడం కష్టమై సోనీ చాలా పీఎస్3 గేములను ఇంటర్నెట్ స్ట్రీమింగ్ ద్వారానే అందించింది. 2022లో కొత్త ప్లేస్టేషన్ ప్లస్ పథకాలు వచ్చినప్పుడు భారత్‌కు ఇచ్చిన ‘డీలక్స్’లో ఆ స్ట్రీమింగ్ లేదు.

మూడో దారి: మళ్లీ తయారీ

రీమాస్టర్ అంటే పాత గేమ్‌కే మెరుగులు దిద్దడం. లోపలి ఆట అదే, బొమ్మలు స్పష్టంగా, కదలికలు సాఫీగా ఉంటాయి. రీమేక్ అంటే మొదటి నుంచి మళ్లీ కట్టడం. ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ 2005లో పీఎస్2లో వచ్చింది, 2011లో పీఎస్3లో రీమాస్టర్ అయింది, 2018లో పీఎస్4కు రీమేక్‌గా వచ్చింది.

పాత ఫైళ్లు భద్రంగా లేకపోతే రీమాస్టర్ కూడా కష్టమే. ‘కింగ్‌డమ్ హార్ట్స్’ మొదటి భాగం అసలు ఫైళ్లు పోవడంతో స్క్వేర్ ఎనిక్స్ చాలా భాగాన్ని తిరిగి తయారుచేసుకోవాల్సి వచ్చింది. 2021లో మూడు పాత జీటీఏ గేములను కలిపి తెచ్చిన ‘డెఫినిటివ్ ఎడిషన్’ లోపాలతో రావడంతో రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది. అంతకుముందే పాత వెర్షన్లను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయడం అభిమానులకు మరింత కోపం తెప్పించింది.

ఎవరు ఎంచుకుంటారు?

అసలు తేడా ఇక్కడే ఉంది. రీమాస్టర్‌కు ఏ గేమ్ వెళ్లాలన్నది మార్కెట్ నిర్ణయిస్తుంది. కోట్ల కాపీలు అమ్ముడైన పేర్లకే పెట్టుబడి దొరుకుతుంది. కంపాటిబిలిటీ అలా కాదు. యంత్రం పాత డిస్క్‌ను చదవగలిగితే ప్రసిద్ధమైన ఆటా నడుస్తుంది, ఎవరూ పట్టించుకోని ఆటా నడుస్తుంది.

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని అందులో తేలింది. భారత్ కోసమే తయారై, ఇక్కడే కొద్దిపాటి కాపీలు అమ్ముడైన గేములకు రీమాస్టర్ ఆశ ఇంకా తక్కువ.

కొనేముందు చూడాల్సినవి

కొత్త కన్సోల్‌కు మారేవారు ముందుగా డిస్క్ డ్రైవ్ ఉందో లేదో చూసుకోవాలి. డ్రైవ్ లేకపోతే అలమరలోని డిస్కులు పనికిరావు. పాత ‘సేవ్’ ఫైళ్లు కొత్త వెర్షన్‌లోకి వస్తాయా అన్నదీ తెలుసుకోవాలి. రీమాస్టర్‌కు అప్‌గ్రేడ్ ధర ఉందా, పూర్తి ధర కట్టాలా అన్నది గేమ్‌ను బట్టి మారుతుంది. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ పీఎస్4 కాపీ ఉన్నవారికి 10 డాలర్లకే రీమాస్టర్ ఇచ్చిన సోనీ, మొదటి భాగం రీమేక్‌ను మాత్రం పూర్తి ధరకే అమ్మింది.

అన్నిటికంటే ముఖ్యం, పనిచేస్తున్న పాత కన్సోల్‌ను తొందరపడి పాత సామాన్ల వాడికి వేయకపోవడం. ‘హనుమాన్’ డిస్క్ ఇంట్లో ఉన్నవారికి దాన్ని ఆడించే యంత్రం ఇప్పటికీ అదే.