బండికి గాలి పెంచాలని ఫిల్టర్ డబ్బా కోయిస్తున్నారా?

చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి కూరగాయల లోడుతో ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లే బండి ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ మీదుగా వెళితే పికప్ సంగతి అక్కడే బయటపడుతుంది. ఆ రోడ్లు గుట్టల మీద వేసినవి. చెక్‌పోస్టు వైపు ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తుంది, గేరు దించినా బండి మూలుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "ఇంజన్‌కు గాలి చాలట్లేదు, ఫిల్టర్ డబ్బాకు నాలుగు రంధ్రాలు పెట్టించు." ఖర్చు తక్కువ కదా అని చాలామంది ఒప్పుకుంటారు.

గాలి చాలకపోతే నల్ల పొగ రావడం నిజమే. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 12 కిలోల గాలి, అంటే సుమారు 10,000 లీటర్లు కావాలి. 702 సీసీ డీజిల్ ఇంజన్ ఉన్న టాటా ఏస్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, ఆ నిమిషంలో దాదాపు వెయ్యి లీటర్ల గాలి లాగుతుంది. కానీ డీజిల్ ఇంజన్‌కు బలం వచ్చేది పంపు పంపే డీజిల్ నుంచి. ఫిల్టర్ శుభ్రంగా ఉన్న బండికి సరిపడా గాలి కంపెనీ డబ్బాలోంచే అందుతుంది. దాన్ని కోసినంత మాత్రాన పంపు ఎక్కువ డీజిల్ పోయదు. మార్పు వినిపించేది శబ్దంలోనే. బుస్సుమని చప్పుడు పెరిగేసరికి బలం పెరిగిందని అనిపిస్తుంది, అంతే.

అసలు నష్టం దుమ్ముతో. లైనర్‌కు, పిస్టన్ రింగుకు మధ్య ఉండే ఆయిల్ పొర చాలా పలచన. వెంట్రుక మందంలో పదో వంతు ఉన్న దుమ్ము రేణువు కూడా అక్కడ గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఫిల్టర్ తీసేసి పాత చీర ముక్కో, సాక్సో కట్టినవాళ్లు ఉన్నారు. గుడ్డ నేతలో సందులు కంటికి కనిపిస్తాయి, ఇంజన్‌ను అరగదీసే దుమ్ము మాత్రం కంటికి కనిపించదు. గడ్డి, ఊక ఆగిపోతాయి, సన్న దుమ్ము లోపలికి పోతుంది. మొదట్లో తేడా ఏమీ తెలియదు. ఆ తర్వాత ఆయిల్ తగ్గడం, నీలం పొగ, పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం మొదలవుతాయి. అప్పటికి బోరు పని తప్పదు. ఒక పంట మిగులు దానికే పోవచ్చు, పైగా కోతల వేళ బండి షెడ్డులో ఉంటుంది.

డబ్బాకు ముందు రంధ్రం పెడితే దుమ్ము ఫిల్టర్‌కు త్వరగా పడుతుంది, అది కొంత నయం. ఫిల్టర్ దాటిన తర్వాత, అంటే ఇంజన్‌కు వెళ్లే హోస్‌లో చిన్న చీలిక ఉన్నా ఫిల్టర్ లేనట్టే. ఆ హోస్ చిరిగితే సైకిల్ ట్యూబు చుట్టి వైరు బిగించడం మన దగ్గర మామూలు. ఇంటికి చేరేవరకు సరే. మర్నాడు కొత్త హోస్, కొత్త క్లాంపు వేయించాలి.

డబ్బా మొత్తం తీసేసి బానెట్ కింద కోన్ ఫిల్టర్ పెడితే ఇంకో చిక్కుంది. అక్కడి గాలి వేడిగా ఉంటుంది. 3 డిగ్రీలు వేడెక్కితే గాలి సుమారు 1 శాతం పలచబడుతుంది. బయట 35, లోపల 60 డిగ్రీలుంటే ఇంజన్‌కు అందే గాలి దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఎక్కువ గాలి కోసం చేసిన పని తక్కువ గాలి ఇస్తుందన్నమాట. ఫిల్మ్‌నగర్‌లో షూటింగుల దగ్గర నిలబెట్టే జనరేటర్ వ్యాన్లను గమనించండి. చప్పుడు రాకుండా ఇంజన్‌ను పెట్టెలో మూసినా, చల్లగాలి ఒక వైపు నుంచి వచ్చేలా, వేడిగాలి మరో వైపు నుంచి పోయేలా దారులు వేరుగా ఉంచుతారు.

ఇంట్లో చేసుకోదగ్గ మార్పు ఒకటి ఉంది, అదీ పాత ట్రాక్టర్లకు. దమ్ములో, నూర్పిడిలో దుమ్ము, నీళ్లు తగలకుండా గాలి తీసుకునే గొట్టాన్ని ఎత్తు పెంచవచ్చు. గొట్టం లోపలి వెడల్పు కంపెనీ గొట్టం కంటే తగ్గకూడదు, మలుపులు తక్కువ ఉండాలి, పొగగొట్టానికి దూరంగా ఉండాలి, పైన వాన టోపీ ఉండాలి. అది ఫిల్టర్‌కు ముందే కలవాలి. ఇంజన్ వేడి తగిలేచోట పీవీసీ పైపు మెత్తబడి నొక్కుకుపోతుంది, అక్కడ ఇనుప గొట్టమే వాడండి.

బీఎస్-6 బండ్ల జోలికి మాత్రం పోకండి. వాటిలో గాలిని కొలిచే సెన్సార్లు ఉంటాయి, డబ్బా మారిస్తే లెక్క తప్పుతుంది. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా పడవచ్చు, జైలుశిక్షకూ వీలుంది.

మరి ఎత్తులో పొగ వస్తే? ముందు ఫిల్టర్ చూడండి. కాగితం ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టకండి, నీళ్లతో కడగకండి. లోపలి నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టించండి. కాగితం చిరిగినా, చివరి రబ్బరు నొక్కుకుపోయినా మార్చేయాలి. ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలో అడుగున పేరుకున్న బురద తీసి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటితే ఆ ఆయిల్‌ను ఇంజన్ లాగేసుకుని, ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. ఫిల్టర్ బాగున్నా పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లు, పంపు పరీక్ష చేయించండి.

హోస్ విప్పి, ఫిల్టర్ తర్వాతి భాగంలో తెల్లగుడ్డ చుట్టిన వేలితో లోపల తుడవండి. గుడ్డకు ఎర్రమట్టి అంటితే బండిని ఆపి, ఆ దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందో దొరికేవరకు లోడు వేయకండి.