‘దగ్గరితనం’ కొలిచేది ఏ కొలబద్ద?

సాఫ్ట్‌వేర్ రంగానికి కులం లేదన్న మాటను మూడు దశాబ్దాలుగా వింటున్నాం. కోడ్ రాసేవారి కులాన్ని కంప్యూటర్ అడగదు కదా అన్నది ఆ వాదన సారాంశం. నిజమే, కంప్యూటర్ అడగదు. కానీ ఉద్యోగం ఇచ్చేది కంప్యూటర్ కాదు. ప్రపంచ సాఫ్ట్‌వేర్ సేవల్లో ‘నియర్‌షోర్’ పద్ధతికి, దానితోపాటు సన్నిహిత బృంద భాగస్వామ్యానికి ప్రాధాన్యం పెరుగుతున్న ఈ దశలో ఆ వాదనను మళ్లీ పరీక్షించాలి.

ఔట్‌సోర్సింగ్ తొలి నమూనాలో పని సముద్రాలు దాటి వచ్చేది. అమెరికా సంస్థ తనకేం కావాలో రాసి పంపితే, హైదరాబాద్, బెంగళూరు ఇంజినీర్లు దాన్ని కోడ్‌గా మలిచి పంపేవారు. న్యూయార్క్‌కూ మనకూ నడుమ తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల వ్యత్యాసం. చిన్న సందేహం తీరాలన్నా ఒక రోజు గడిచేది. నియర్‌షోర్ ఈ దూరాన్ని తగ్గించే ఏర్పాటు. అమెరికా సంస్థలు మెక్సికో, కొలంబియాలకు, పశ్చిమ యూరప్ సంస్థలు పోలండ్, రొమేనియాలకు పని అప్పగిస్తాయి. మన కంపెనీలకూ ఈ దారి కొత్తది కాదు. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో కేంద్రం తెరిచింది.

ఈ పద్ధతిలో క్లయింటు ఇంజినీర్లు, సేవలందించే సంస్థ ఇంజినీర్లు ఒకే బృందంగా పనిచేస్తారు. రోజూ సమావేశమవుతారు, కొద్ది వారాలకోసారి పనిని సమీక్షించుకుంటారు. పొరపాటు అదే రోజు బయటపడుతుంది. పనికి మేలు చేసే ఈ ఏర్పాటుపై అభ్యంతరం ఉండనవసరం లేదు. అయితే దానిని అమ్మేటప్పుడు సమయం, భాషలతోపాటు ‘సాంస్కృతిక సామీప్యత’ అనే సరుకునూ జోడిస్తున్నారు. దూరాన ఉన్న హైదరాబాద్ కంపెనీలు కూడా రోజువారీ వీడియో సమావేశాలతో అదే దగ్గరితనాన్ని అందించి పోటీలో నిలవాల్సి వస్తోంది. అప్పుడు నియామకంలో కోడింగ్ పరీక్షతో సమానంగా మాటతీరు, నడవడిక, ‘జట్టులో ఇమడటం’ అనే కొలతలు బరువెక్కుతాయి.

కులసమాజంలో ఈ కొలతలు తటస్థంగా ఉండవు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమాన అర్హతలున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేర్లను మాత్రమే. దళిత, ముస్లిం పేర్లకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ మానవ వనరుల అధికారులతో మాట్లాడారు. ప్రతిభే ప్రమాణమని చెప్పిన ఆ అధికారులే అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తెలుసుకోవడం అవసరమన్నారు. కులం పేరెత్తకుండానే కులాన్ని లెక్కలోకి తెచ్చే ప్రశ్న అది.

బృందంలో చేరాక దగ్గరితనం దానంతటదే సమానత్వం తెస్తుందా? 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కోపై వేసిన దావా ఈ ప్రశ్ననే ముందుకు తెచ్చింది. అగ్రకులాలకు చెందిన భారతీయ సహోద్యోగులున్న బృందంలో ఒక దళిత ఇంజినీరు వివక్షకు గురయ్యారన్నది ఆరోపణ. సిస్కో దానిని ఖండించింది. ఇద్దరు సూపర్‌వైజర్లపై కేసును 2023లో ఉపసంహరించుకున్నా, కంపెనీపై కేసు కొనసాగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ అలాంటి బిల్లునే వీటో చేశారు. ఉన్న చట్టాలు చాలన్నది ఆయన వాదన. తెలుగువారు పెద్ద సంఖ్యలో పనిచేసే రంగంలో సాగుతున్న ఈ చర్చ మనకు పరాయిది కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల కూలీల, చేతివృత్తులవారి పిల్లలు ఇంజినీరింగ్ చదవగలిగారు. 93వ రాజ్యాంగ సవరణ ప్రైవేటు కళాశాలల్లోనూ రిజర్వేషన్లకు వీలు కల్పించింది. కానీ 16వ అధికరణ కింద ఉద్యోగ రిజర్వేషన్లు ప్రభుత్వ కొలువులకే పరిమితం. కళాశాల గేటు దాకా తోడొచ్చిన రాజ్యాంగ రక్షణ కంపెనీ గేటు దగ్గర ఆగిపోతోంది. జిల్లా కళాశాలలో తెలుగులో ఆలోచించి ప్రోగ్రామింగ్ నేర్చుకున్న యువతి సాంకేతిక పరీక్ష నెగ్గి, చివరి ఇంటర్వ్యూలో ‘ఇమడదు’ అన్న ఒక్క మాటతో వెనుదిరిగితే, ఆమె ఏ నిబంధన కింద ప్రశ్నించాలి?

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల పోరాటం సాగాల్సిందే. అది ఫలించేదాకా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. భాష, సంభాషణా నైపుణ్యం పనికి ఎంత అవసరమో ముందే రాతపూర్వకంగా ప్రకటించి, అంతవరకే పరీక్షించాలి. తిరస్కరణకు కారణం నమోదు చేయాలి. యాపిల్ తన ప్రవర్తనా నియమావళిలో కులాన్ని పేరుపెట్టి చేర్చినట్టే మన కంపెనీలూ చేర్చాలి. ప్రజల భూమిని, పన్ను రాయితీలను పొందిన సంస్థలను ఎస్సీ, ఎస్టీ, బీసీ ఉద్యోగుల వాటా వెల్లడించమని అడిగే నైతిక హక్కు ప్రభుత్వాలకు ఉంది. ఆ హక్కును వినియోగించమని ప్రభుత్వాలను నిలదీయాల్సింది విద్యార్థి సంఘాలు, రాజకీయ పక్షాలు. వచ్చే ప్లేస్‌మెంట్ సీజన్‌కు ముందే ఆ పని మొదలుకావాలి.