లివర్ ఎస్ప్రెస్సోలో చేదు

ఇంట్లో చేతిమీట యంత్రంపై తీసిన ఎస్ప్రెస్సో కాఫీ మితిమీరి చేదెక్కడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఎస్ప్రెస్సో అనగా మెత్తని కాఫీ పొడి గుండా వేడినీటిని అధిక పీడనంతో పంపి, సుమారు అర నిమిషంలో తీసే చిక్కని కాఫీ. లివర్ యంత్రంలో ఈ పీడనాన్ని మోటారు కాక, మీటకు అమర్చిన ముషలకం, అనగా పిస్టన్, కలిగిస్తుంది. ఎస్ప్రెస్సోలో కొంత చేదు సహజమే. సరిచేయవలసినది తక్కిన రుచులను కప్పివేసి, త్రాగిన తరువాత కూడా నోటిలో నిలిచిపోయే చేదు. తీసే పరిమాణం, నీటి వేడి, పొడి, నీటి స్వభావం దీనికి ముఖ్య కారణాలు. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో వేసవి ఎండ, బోరు నీరు కూడా వీటికి తోడవుతాయి.

చరిత్ర

ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన లుయిజీ బెజ్జెరా 1901లో ఆవిరి పీడనంతో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు కోరాడు. ఆవిరి వేడికి కాఫీకి మాడు రుచి వచ్చేది. అదే నగరానికి చెందిన అకీలె గాజ్జా 1938లో మరొక పద్ధతికి పేటెంటు దరఖాస్తు చేసి, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మీట యంత్రాలను ప్రవేశపెట్టాడు. మీట వాడుకలోకి వచ్చిందే ఆ మాడు చేదును వదిలించడానికని చెప్పవచ్చును. ఇళ్ళలో వాడే చిన్న మీట యంత్రాలలో లా పవోనీ సంస్థ 1961లో తెచ్చిన యూరోపిక్కోలా ప్రసిద్ధమైనది.

రుచిని గుర్తించడం

మరమ్మత్తుకు ముందు అది నిజంగా చేదేనా అని తేల్చుకోవాలి. షడ్రుచులలో చేదు, వగరు, పులుపు వేర్వేరుగా ఉండడం వలన తెలుగువారికి ఈ పని కొంత సులభం. కాకరకాయను గుర్తు చేసేది చేదు. పచ్చి అరటికాయ కొరికినట్లు నోరు పిడచకట్టుకుపోతే అది వగరు. మాడిన పోపు వాసన తగిలితే అది మాడు. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడినవారు ఎస్ప్రెస్సోలోని పులుపును చేదుగా పొరబడడం కూడా కద్దు. అటువంటప్పుడు చేదుకు చెప్పిన చికిత్స చేస్తే పులుపు మరింత పెరుగుతుంది.

పులుపునిచ్చే పదార్థాలు పొడి నుండి త్వరగా దిగుతాయి, చేదునిచ్చేవి నిదానంగా దిగుతాయి. కనుక చేదు అంటే నీరు పొడి నుండి అవసరానికి మించి లాగిందని అర్థం. వగరు అయితే, నీరు పొడి అంతటా సమంగా ఇంకక ఏదో ఒక సందు చేసుకొని పారిందని అనుమానించాలి. అప్పుడు పొడిని ఉండలు లేకుండా చిదిపి, సమంగా పరచి అదమాలి. మాడు రుచికి గింజను నల్లగా వేయించడం, యంత్రం అతిగా వేడెక్కడం, జల్లెడకు పాత కాఫీ నూనె పట్టి ఉండడం కారణాలు.

చేదంతా కెఫీన్ వల్లనే అనే అభిప్రాయం సరికాదు, దాని వాటా స్వల్పం. జర్మనీ శాస్త్రవేత్త థామస్ హోఫ్‌మన్ బృందం 2007లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేపుడులో లాక్టోన్లుగా మారి చేదునిస్తాయి. ఇంకా నల్లగా వేపితే ఫినైల్ ఇండేన్లు ఏర్పడి, మరింత కటువైన చేదు నోటిలో నిలుస్తుంది. ఆ చేదును మీటతో పూర్తిగా తొలగించలేము, గింజనే మార్చాలి.

పరిమాణం

మొదట పరీక్షించవలసినది ఇదే, ఖర్చు లేనిది కూడా. డికాషన్ అలవాటున్న ఇళ్ళలో గ్లాసు నిండేవరకు మీటను రెండు మూడుసార్లు త్రొక్కడం చూస్తాము. 14 గ్రాముల పొడికి 28 నుండి 35 గ్రాముల కాఫీ చాలును. చిన్న యంత్రంలో ఒక్క త్రోపుకు అంతకన్నా తక్కువ వచ్చినా అక్కడితో ఆపడమే మేలు. రెండవ త్రోపుకు మీట ఎత్తినప్పుడు అదిమిన పొడి చెదిరిపోతుంది. ఒకసారి కాఫీని మూడు చిన్న కప్పులలోకి వరుసగా పట్టి విడివిడిగా రుచి చూస్తే, చేదు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. ఆపై కూడా చేదు తగ్గకపోతే పొడిని కొంచెం బరకగా విసరాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, గ్రాములు, సెకన్లు వ్రాసి ఉంచుకోవాలి.

వేడి

పొడిని తాకే నీరు 90 నుండి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం మంచిది. యూరోపిక్కోలా వంటి యంత్రాల బాయిలరులో పీడనం వాతావరణం కన్నా 0.8 బార్ ఎక్కువగా ఉన్నప్పుడు నీటి వేడి సుమారు 117 డిగ్రీలు. పొడిని పట్టి ఉంచే లోహపు తల ఆ వేడిని కొంత పీల్చుకొని నీటిని చల్లబరుస్తుంది. తలే కాగిపోతే ఆ పని జరగదు. మొదటి కప్పు బాగుండి మూడవది చేదెక్కడానికి తరచుగా ఇదే కారణం. స్విచ్చి ఆపి, తలకు తడిబట్ట చుట్టి, చల్లారిన తరువాత మళ్ళీ తీయాలి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే హైదరాబాదు మే నెలలో ఇందుకు ఎక్కువ సమయం పడుతుంది.

బాయిలరు లేక, కెటిల్ నీరు పోసి వాడే మీట యంత్రాల సంగతి వేరు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ నీరు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. నల్లగా వేపిన గింజకైతే ఆ నీటిని ఒక నిమిషం ఆగి పోయాలి.

పొడి

దుకాణాలలో లభించే ఫిల్టర్ కాఫీ పొడులలో చాలావరకు చికోరీ కలిపినవే. భారతీయ ఆహార ప్రమాణాల ప్రకారం ఇటువంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ శాతాన్ని పొట్లంపై ముద్రించాలి. చికోరీ చేదు వేరు. దానికి మీట ఎంత నేర్పుగా త్రొక్కినా ప్రయోజనం లేదు. మిక్సీలో కొట్టిన పొడిలో పిండి, నూక కలిసి ఉంటాయి, పిండి చేదునూ నూక పులుపునూ ఇస్తాయి. యంత్రం కన్నా ముందు మంచి తిరగలి గ్రైండరు కొనడం ఉత్తమం. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయ అరబికా కాఫీ 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఇటువంటి అరబికాను మధ్యస్థంగా వేపినది తీసుకుంటే సగం సమస్య తీరుతుంది.

నీరు

నాగార్జునసాగర్ నుండి కృష్ణా నీరు 2004 నుండి హైదరాబాదుకు వస్తోంది. ఎల్.బి.నగర్ సమీపంలోని సాహెబ్‌నగర్ రిజర్వాయరు ఈ సరఫరాలో ముఖ్యమైనది. అయితే అపార్టుమెంటులలో కుళాయిలో వచ్చేది ఒక్కొక్కప్పుడు బోరు నీరో, ట్యాంకరు నీరో అయి ఉంటుంది. కఠిన జలంలోని బైకార్బొనేట్లు కాఫీ పులుపును విరిచివేస్తాయి, దానితో చేదు ఒంటరిగా పైకి తేలుతుంది. బాయిలరులో సున్నపు పొర కూడా కడుతుంది. ఐఎస్ 10500 (2012) ప్రకారం త్రాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటరాదు, వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కాఫీకి 50 నుండి 175 చాలును. లవణాలు దాదాపు లేని ఆర్.ఓ. నీటితోనూ కాఫీ చప్పబడుతుంది, అందులో కొంత కృష్ణా నీరు కలపడం మేలు. సున్నపు పొరను నిమ్మ ఉప్పు ద్రావణంతో తొలగించి, తరువాత బాగా కడగాలి.

జాగ్రత్తలు

పీడనం ఉండగా బాయిలరు మూత గాని, పొడి ఉన్న పిడి గాని విప్పరాదు, మరిగే నీరు చిమ్ముతుంది. స్ప్రింగు ఉన్న మీటను పొడి లేకుండా క్రిందికి లాగి వదిలితే వేగంగా పైకి లేచి ముఖానికి తగులుతుంది.