పెరటిలో కౌజుపిట్టలు

చరకసంహిత హితాహారములను లెక్కించుచు పక్షిమాంసములలో లావుకమాంసమునకు అగ్రస్థానమిచ్చినది. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలలో పొట్టేళ్ల పోరు, కోళ్ల పోరులతోపాటు లావుకముల పోరును గూడ చేర్చినాడు. మన పల్లెలలో కౌజనియు కంజనియు పిలువబడు ఈ నేలపిట్టల జాతి, జొన్నచేల గట్ల వెంబడి గడ్డిలో నక్కి, మనిషి అడుగు మీదబడునంత దగ్గరకు వచ్చువరకును కదలక, చివరిక్షణమున బుర్రున లేచి, నాలుగడుగుల యెత్తుననే యెగిరి, కొంతదూరమున మరల గడ్డిలో మునిగిపోవును. అయితే నేడు రహదారి పక్క హోటళ్లలో వేపుడుగా వడ్డింపబడునదియు, అంగళ్లలో చుక్కల గుడ్లుగా అమ్మబడునదియు ఈ చేలపిట్ట కాదు. అది జపాను కౌజు. మనుష్యుని పంజరములో తరతరములుగా పెరిగి, అడవిని మరచిన పెంపుడు పక్షి. చేలలోని కౌజును వలపన్ని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అతిక్రమించుట యగును గనుక, పెంచదలచినవారు ఈ భేదమును మొదటనే గుర్తెరుగవలెను.

జపానుదేశమున ఈ పక్షిని తొలుత మాంసము కొరకు గాక కూత కొరకు పెంచిరి. ఇరువదవ శతాబ్దారంభమునుండి గుడ్ల కొరకు దానిని ఎంచి పెంచుట ఆరంభమైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ మందలు నశింపగా, మిగిలిన కొద్దిపాటి పక్షులనుండియే పరిశ్రమను మరల నిలబెట్టిరి. ఐచి రాష్ట్రమందలి తొయొహాషి పట్టణప్రాంతము నేటికిని ఆ దేశపు కౌజుల పెంపకమునకు ప్రధానస్థానము. మన దేశమునకు ఈ పక్షి 1974 లో కాలిఫోర్నియానుండి ఉత్తరప్రదేశములోని ఇజ్జత్‌నగర్ పరిశోధనకేంద్రమునకు వచ్చినది. అచ్చటి శాస్త్రజ్ఞులు మన వాతావరణమునకు తగిన రకములను రూపొందింపగా, క్రమముగా తెలుగు జిల్లాలకును వ్యాపించి, ఊరిపిట్ట పేరునే తనదిగా చేసికొన్నది.

ఇంతకును ఈ పక్షి ఆకర్షణయెల్ల దాని వేగమునందున్నది. కోడిగుడ్డు పొదుగుటకు 21 దినములు పట్టగా, కౌజుగుడ్డు 17, 18 దినములలో పగులును. పిల్ల అయిదారు వారములలో కోతకు సిద్ధమగును. ఆరేడు వారములకే పెట్ట గుడ్లు పెట్టనారంభించి, చక్కగా పోషించినచో ఏడాదికి 250 కి పైగా పెట్టగలదు. నాటుకోడిపెట్ట తొలిగుడ్డు పెట్టులోపల కౌజులలో రెండు తరములు ముగిసి మూడవది మొదలగును. ఇంత వేగముగా నడచు చిన్న దేహము ఆహారమునందుగాని, వెచ్చదనమునందుగాని, వెలుతురునందుగాని కొద్దిపాటి లోపమునైనను ఓర్వజాలదు. కౌజును పెంచుట యనగా ఆ వేగమునకు తగిన శ్రద్ధను దినదినమును సమకూర్చుటయే.

మొదటి చిక్కు పొదుగుటయందే యెదురగును. తరతరముల పంజరజీవనమున ఈ పక్షి పొదుగు స్వభావమును దాదాపుగా పోగొట్టుకొన్నది. పెట్ట తన గుడ్డును పెట్టినచోటనే విడిచి, దానిని త్రొక్కుచు పోవును. కావున పొదుగుయంత్రము, అనగా ఇంక్యుబేటర్, తప్పనిసరి. మగపక్షితో కలిసియున్న పెట్టల గుడ్లనే యెన్నుకొని, వారము దినములకు మించి నిలువయుంచక, 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలోను, 60 శాతమునకు దగ్గరగానుండు తేమలోను పెట్టవలెను. పదునాలుగవ దినమువరకు రోజునకు పలుమార్లు గుడ్లను త్రిప్పి, ఆపై త్రిప్పుట మాని తేమను పెంచవలెను. గుడ్డు చిన్నది గనుక కరెంటు పోయినపుడు త్వరగా చల్లబడును. మన ఊళ్లలో ఇన్వర్టరు లేక పొదుగుయంత్రమును నమ్ముకొనుట సాహసమే.

పదునేడవ దినమున పెంకుపై మొదట నక్షత్రాకారపు చిన్న పగులు కానవచ్చును. ఆపై పిల్ల లోపలినుండి తిరుగుచు, గుడ్డు వెడల్పు కొనచుట్టు వరుసగా పెంకును పొడిచి, మూత తీసినట్లు దానిని తోసికొని వెలుపలికి వచ్చును. తడిసి ముద్దయైన ఆ ప్రాణి బరువు ఏడెనిమిది గ్రాములు మాత్రమే. బొటనవ్రేలి మొదటి కణుపుకంటె పెద్దది కాదు. పూటలోనే తడియారి, వీపున నల్లని చారలతో పసుపుపచ్చని నూగు విచ్చుకొని, తనంత తానే పరుగిడి మేత యేరుకొనును. ఈ పరుగు చూచి దానికి బలము వచ్చినదని భ్రమింపరాదు. మొదటి పదిదినములలోనే పెక్కు పిల్లలు చచ్చును. వాటిని బల్బు వెలుగు క్రింద 36 డిగ్రీలకు దగ్గరి వేడిలో ఉంచి, వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుచు పోవలెను. థర్మామీటరుకంటె పిల్లల నడవడియే నిజము చెప్పును: అన్నియు బల్బు క్రింద గుమిగూడి యరచుచున్నచో చలి, గోడలకంటుకొని నోళ్లు తెరచినచో ఉక్క, అంతట చెదరి నిశ్చింతగా తినుచున్నచో వేడి సరిపోయినది. నీటిపళ్లెమున గోలీలో గులకరాళ్లో నింపవలెను. లేనిచో అంగుళము లోతు నీటిలోనైనను పిల్లలు మునిగి చచ్చును. క్రింద నున్నని వార్తాపత్రికను పరచరాదు, జారి కాళ్లు పక్కలకు చాచుకొనిపోయిన పిల్ల మరల లేచి నడచుట అరుదు. గరుకు గుడ్డగాని, మడతల అట్టగాని మేలు.

మేతయందు కోడికిని కౌజునకును ఉన్న తేడాను చాలమంది గమనింపరు. కౌజుపిల్లకు మొదటి వారములలో మేతలో 24 నుండి 27 శాతము మాంసకృత్తులు కావలెను. బజారులో దొరకు బ్రాయిలరు దాణా సాధారణముగా అంతకు తక్కువ. దానికి సోయాపిండినో, మంచి ఎండుచేపల పొడినో తగుపాళ్లలో చేర్చి, పిల్లల చిన్న ముక్కులకు పట్టునట్లు మెత్తగా నూరి పెట్టవలెను. గుడ్లుపెట్టు దశలో మాంసకృత్తులు 20 శాతమున్న చాలును గాని, పెంకునకు కావలసిన సున్నము కొరకు గుల్లల పొడి విధిగా నుండవలెను. తెలకపిండి, వేరుసెనగ చెక్కలను బూజు పట్టకుండ చూచుకొనుట అత్యవసరము. ఆ బూజునుండి పుట్టు విషము కాలేయమును చెరచును.

పంజరము విషయమున మన సహజబుద్ధి మనలను తప్పుదారి పట్టించును. ఎత్తైన గూడు పక్షికి సుఖమని తలంతుము. కాని బెదరిన కౌజు నిట్టనిలువుగా ఎగురును గనుక, ఎత్తైన గూటిలో వేగము పుంజుకొని కప్పునకు తల బాదుకొనును. పదియంగుళముల ఎత్తుగల గూడు చాలును. లేదా కప్పునకు మెత్తని వలను బిగింపవలెను. చదరపు అడుగునకు నాలుగు పక్షుల చొప్పున నాలుగు చదరపు అడుగుల గూటిలో పదునారింటిని సాకవచ్చును. మూడు వారములకే మగ, ఆడ తేడా రొమ్ము ఈకలపై తెలియును: మగదాని రొమ్ము ఇటుకరంగు, పెట్ట రొమ్ము లేతగోధుమరంగుపై నల్లచుక్కలు. ఈ జాతిలో పెట్టయే పుంజుకంటె పెద్దది. మూడు పెట్టలకొక పుంజు చాలును. అంతకు మించినచో పుంజులు ఒండొంటి నెత్తులను పొడిచి గాయపరచుటయే గాక, పెట్టల వీపులను బోడిచేయును. పుంజు కూత దాని పరిమాణమునకు మించి బిగ్గరగా నుండునని, రాత్రివేళ గూడ వినబడునని పొరుగువారిని ముందుగా హెచ్చరించుట మర్యాద.

కోళ్లు సాధారణముగ ఉదయమున గుడ్లు పెట్టగా, కౌజులు ఎక్కువగా మధ్యాహ్నము దాటిన తరువాత, సాయంసమయమున పెట్టును. గుడ్డుపైని ముదురు మచ్చలు పెట్టుటకు ముందు చివరి కొన్ని గంటలలోనే పెంకుపై పూయబడును. ఆ పూత తీరు పెట్టపెట్టకును వేరై, ఒక పెట్టకు దాదాపు ఒకే విధముగా నుండును. అందుచే కొంతకాలము శ్రద్ధగా చూచినవాడు పళ్లెమునందలి గుడ్లనుబట్టి నేడు ఏ పెట్ట పెట్టలేదో చెప్పగలడు. గుడ్ల ఉత్పత్తి నిలుకడగా నుండుటకు రోజునకు 14 నుండి 16 గంటల వెలుతురు కావలెను. మన శీతకాలపు పగలు పదకొండు గంటలే గనుక సాయంకాలము బల్బు వెలిగింపవలసియుండును. వేసవిలో దీనికి విపరీతము: 40 డిగ్రీలు దాటిన దినములలో గూటిచుట్టు తడి గోనెపట్టాలు కట్టి, చల్లని నీటిని మాటిమాటికి మార్చనిచో పక్షులు రొప్పుచు కూలిపోవును.

కౌజునకు రోగములు రావనుట అమ్మకందార్ల మాట. కోళ్లకంటె కొంత తట్టుకొను మాట నిజమే. కాని కొక్కెరతెగులు, పక్షిఫ్లూ దీనికిని సోకును. రెట్టలు పేరుకొన్న గూళ్లలో పేగు పుండ్ల వ్యాధి మందనే తుడిచివేయును. మేలైన మందు పరిశుభ్రతయే. శత్రువులలో ఎలుక అగ్రగణ్యము. అరయంగుళపు కన్నుల వల కాక వెడల్పు వలను కట్టినచో ఒకే రాత్రి పిల్లలన్నియు మాయమగును. ఒకే కుటుంబములోని అన్నాచెల్లెళ్లను జతచేయుచు పోయినచో, రెండు మూడు తరములకే గుడ్లు పొదగకపోవుట, పిల్లలు బలహీనపడుట స్పష్టముగా కానవచ్చును. కావున అప్పుడప్పుడు వేరొక మందనుండి పుంజులను తెచ్చి మార్చుచుండవలెను.

ఇక లాభనష్టముల లెక్క. పండ్రెండు పెట్టలు, నాలుగు పుంజులు కల గూడు దినమునకు సుమారు 400 గ్రాముల మేత తినును. పెట్టలు తొమ్మిది గుడ్లు పెట్టినవనుకొన్నచో, గుడ్డు 11 గ్రాముల చొప్పున అంతయు కలిపి 100 గ్రాములు, అనగా రెండు కోడిగుడ్ల యెత్తు. ఫారమునందలి లేయరు కోళ్లు రెండు గుడ్లు పెట్టుటకు సుమారు 230 గ్రాముల మేతయే తినును. తినుటకు మాత్రమే గుడ్లు కావలసినచో పుంజులను గూటినుండి తీసివేయుటచే వంద గ్రాములు మిగులును గాని, అప్పటికిని మేతలెక్కన కౌజు కోడిని గెలువజాలదు. స్థలము విషయమున మాత్రము గెలుచును. కోళ్లకు చోటులేని డాబాపైనను, వరండా మూలనైనను కౌజుల గూడు పట్టును. ఆస్తమా మొదలు సంతానలేమి వరకు సర్వరోగములు ఈ గుడ్లతో నయమగునని అంగళ్లలో వ్రేలాడు బోర్డులకు ఆధారము లేదు. యెత్తుకు యెత్తు చూచినచో పోషకములలో ఇది కోడిగుడ్డునకు దగ్గరి చుట్టమే, కొలెస్టరాలు గూడ తక్కువేమియు కాదు.

మిగులు పుంజులను అయిదారు వారములకే కోసి ఇగురో వేపుడో చేసికొనుట, ఏడాది దాటి గుడ్లు తగ్గిన పెట్టలను మార్చుట ఈ పెంపకమున భాగమే. దానికి మనసొప్పనివారు గుడ్ల కొరకు పెట్టలను మాత్రమే సాకుట మేలు. ఈ పని కొలదికాలమున ధనవంతులను చేయునను ప్రకటనలను నమ్మి అప్పుతెచ్చి వేలపిల్లలను కొనవలదు. పది పన్నెండు పక్షులతో ఒక వేసవిని, ఒక శీతకాలమును గడపి, మేతఖర్చును చీటిపై వ్రాసికొని, ఇంటివారికి రుచియు మీకు ఓపికయు నిలిచినవని తేలిన పిమ్మట గూళ్లను పెంచుకొనుడు. ఇంటి భోజనమునకు కౌజు మంచి తోడు. దానిపైననే జీవనోపాధిని నిలుపదలచినవారు మాత్రము పక్షులకంటె ముందు కొనువారిని వెదకికొనవలెను.