కట్టకముందే చూపే నమూనా

“ఇల్లు కట్టి చూడు” అన్నారు పెద్దలు. కట్టకముందే చూడుమంటుంది ఆధునిక వాస్తుశిల్పం. అందుకు సాధనం నమూనా. పారశీకం నుండి ఉర్దూ, తెలుగులకు ఉమ్మడిగా సంక్రమించిన మాట ఇది.

1:100 కొలతలో పది మీటర్ల గోడ పది సెంటీమీటర్ల అట్టముక్క అవుతుంది. ప్లాను చదువుటకు శిక్షణ కావలెను. నమూనాను మేస్త్రీ, విద్యార్థి, కమిటీ పెద్దలు సమానంగా చదువగలరు. పడమటి వైపున దీపం పట్టినచో సాయంకాలపు ఎండ ఏ తరగతి గదిలోకి దూరునో తేటపడుతుంది. అట్టను మార్చుట క్షణాల పని. గోడను పడగొట్టుట ధనవ్యయం. నేడు కంప్యూటరు తెరపైనా భవనాన్ని తిప్పి చూడవచ్చును. కాని నలుగురు చుట్టూ నిలిచి, వేలితో చూపి చర్చించుకొనే సౌలభ్యం నమూనాకే ఉన్నది.

రాబోయేదానినే కాదు, గతించినదానిని కూడా నమూనా చూపగలదు. మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టభూములకు ఎడమకాలువ ద్వారా నీరందించే నాగార్జునసాగరంలో నాగార్జునకొండ లోయ మునిగిపోయింది. 1954-60 మధ్య అక్కడ త్రవ్వకాలలో బయల్పడిన కట్టడాల నమూనాలను నేడు కొండపైని మ్యూజియంలో దర్శించవచ్చును.

మన కళాశాలకు ఏ కొత్త గది తలపెట్టినను, ముందుగా దాని నమూనాను విద్యార్థుల ఎదుట ఉంచవలెనని కమిటీ పెద్దలకు మా మనవి. ఆ గదిలో కూర్చుండువారు వారే కదా!