కత్తి జారింది.. ప్రాణం నిలిచింది

కుడిచేతిలో బలం లేదు. కత్తి పట్టు చిక్కట్లేదు. అయినా నలుగురి మీదికి గుర్రం తిప్పాడు ఒకడు. పేరు థామస్ బర్న్. డబ్లిన్‌లో పుట్టిన మామూలు సిపాయి, బ్రిటిష్ అశ్వికదళం 21వ లాన్సర్స్‌లో రౌతు.

1898 సెప్టెంబర్ 2. సూడాన్‌లో నైలు నది ఒడ్డున ఓమ్‌డుర్‌మన్ యుద్ధం. ఎదురుగా ఉన్నది కొన్ని వందల మంది ఖలీఫా సైనికులే అనుకుని సుమారు 400 మంది రౌతులు దౌడు తీశారు. తీరా దగ్గరికెళ్తే ఎండిపోయిన వాగు, అందులో వేల మంది! ఆగే వీల్లేదు. దూకేశారు. రెండు మూడు నిమిషాల్లోనే సుమారు 70 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. పోయిన గుర్రాలు వందకు పైనే.

ఆ గుంపులో లెఫ్టినెంట్ మాలిన్యూ గుర్రం పోగొట్టుకుని, గాయంతో, చేతిలో ఆయుధం లేకుండా చిక్కుకుపోయాడు. పక్కనుంచి వెళ్తున్న బర్న్‌ను సాయం అడిగాడు. అప్పటికే బర్న్ చేతికి పెద్ద గాయమైంది. బయటపడే దారి ముందే ఉంది. ‘సరే సార్’ అని వెనక్కి తిరిగాడు.

మన సినిమాల్లో అయితే ఒక్క వేటుకు నలుగురూ గాల్లోకి లేవాల్సిందే. ఇక్కడ మొదటి దెబ్బకే కత్తి జారి కింద పడింది. పైగా ఛాతీలో బల్లెం పోటు. కానీ ఆ నలుగురూ ఒక్క క్షణం ఆగారు. మాలిన్యూ తప్పించుకోవడానికి అది చాలింది. తగలని దెబ్బకు విక్టోరియా క్రాస్ వచ్చిందన్నమాట. నాకు ఈ కథలో నచ్చిందే అది. జట్టును చేరాక కూడా బర్న్ పక్కకు తప్పుకోనన్నాడట. చివరికి రక్తం పోయి సొమ్మసిల్లాడు.

అవతలి వైపు లెక్క కూడా చెప్పాలి. మాక్సిమ్ మెషీన్‌గన్లకు ఎదురొచ్చి ఆ రోజు సూడాన్ సైన్యంలో 10 వేల మందికి పైగా చనిపోయారు. సొంత నేల కోసం పోరాడినవాళ్లు. వాళ్లలోనూ తోటివాడి కోసం వెనక్కి తిరిగిన బర్న్‌లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఏ గెజిట్‌లోనూ రాలేదు.

బర్న్ 1944లో ఇంగ్లండ్‌లో చనిపోయాడు. ఇంతకీ ఇదంతా రాసిపెట్టింది ఆ దాడిలోనే ఉన్న 23 ఏళ్ల చర్చిల్. బెంగళూరులో ఉన్న తన రెజిమెంట్‌ను వదిలి పట్టుబట్టి మరీ సూడాన్ వెళ్లాడు. మాలిన్యూ మణికట్టు గాయానికి చర్మం కావాల్సొస్తే, తన చేతినుంచి కోసి ఇచ్చిందీ ఆయనే. మత్తుమందు లేదు. ఆ మచ్చను గుర్తుగా దాచుకున్నానని 1930లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు.