మిత్రుని వాటా

2021 మే నెల లాక్‌డౌన్‌లో వనపర్తిలోని మా చిన్ననాటి మిత్రుడు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. గద్వాలలో ఉన్న మేము జనాజా నమాజుకైనా వెళ్ళలేకపోయాము. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

హజ్రత్ ఖదీజా (రజి) మరణించేనాటికి దైవప్రవక్త (స) వయసు సుమారు యాభై ఏళ్ళు. పెంచిన పెదతండ్రి అబూతాలిబ్ కూడా ఆ రోజుల్లోనే పోయారు. చరిత్రకారులు దాన్ని దుఃఖ సంవత్సరమన్నారు. మదీనాలో స్థిరపడ్డాక కూడా ఆయన గొర్రెను జిబహ్ చేస్తే, ఖదీజా స్నేహితురాళ్ళకు మాంసం పంపేవారు.

ఈ హదీసు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పామో! మాకు అర్థమయ్యేందుకు ఇంత వయసు పట్టింది. ఇప్పుడు ప్రతి బక్రీదుకూ కుర్బానీ వాటా తీసుకొని నాగర్‌కర్నూలులోని ఆయన అక్కగారింటికి వెళుతున్నాము.

"వాడూ ఇలాగే వాకిట్లో నిలబడిపోయేవాడు. లోపలికి రా తమ్ముడూ" అంటారు ఆపా.